ఇరవై ఆరో రౌండు

సొంత మొగుడే బస్సు ఆపకుండా వెళ్ళిపోతే మనిషికి ఒళ్ళు ఎంత మండుతుందో ఆమెనడగాలి. పొద్దున్న ఫ్యాక్టరీకి వెళ్ళే ఏడుంపావు బస్సు అది. స్టాపుకి ఆమె ఇంకా పది అడుగుల దూరంలో ఉంది. స్టీరింగు ముందు కూర్చున్నది కట్టుకున్న మొగుడు. అద్దంలోంచి చూశాడు కూడా. చూసి, చెయ్యూపి, బండి లాగించేశాడు! స్టాపులో నిలబడినవాళ్ళనే ఎక్కించుకోవాలని రూలట. పెళ్ళానికి కూడా రూలేనా అని ఇంకొకతె అయితే నిలదీసేది. ఆమె చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది, టిఫిన్ డబ్బా చంకన ఇరికించుకుంది, బస్సు వెనకాల పరుగందుకుంది.

మొదటి స్టాపులో అందినట్టే అంది జారిపోయింది. రెండో స్టాపులో వెనక రేకు వేళ్ళకి తగిలింది. మూడో స్టాపులో ఎక్కి, టికెట్టు తీసుకుని, సరిగ్గా మొగుడి వెనక సీట్లో కూర్చుని, "రూలు ప్రకారం స్టాపులోనే ఎక్కాను, చూసుకో" అంది. బస్సంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. అద్దంలో ఆమె మొహం వంక చూసి, "నీకు ఆయాసం రావట్లేదేంటే?" అన్నాడు.

అప్పుడు గమనించుకుంది. నిజమే. రావట్లేదు.

పెళ్ళికి ముందు ఆమె పదివేల మీటర్ల పందెం పరిగెత్తేది. అంటే మైదానం చుట్టూ ఇరవై అయిదు రౌండ్లు. తక్కినవాళ్ళు మొదట్లో దూకుడుగా వెళ్ళి చివర్లో కాళ్ళీడ్చేవాళ్ళు. ఈమె అలా కాదు. మొదటి రౌండు ఎన్ని సెకన్లలో తిరిగితే ఇరవై అయిదోదీ అన్ని సెకన్లలోనే తిరిగేది. అందుకే మైదానంలో అందరూ ఆమెను గడియారం అనేవాళ్ళు. అసలు పేరు కోచ్‌కి కూడా గుర్తుండేది కాదు. పెళ్ళయిన నాలుగో నెలలో జాతీయ పోటీలకి ఎంపికైంది. మొగుడు మురిసిపోయి కొత్త బూట్లు కొనిచ్చాడు. ఇంకో మూడు వారాలుందనగా క్రీడా సంఘం ఆఫీసు గోడ మీద జాబితా అంటించారు. అందులో ఆమె పేరు లేదు. ఆమె వెనకాల రెండో స్థానంలో వచ్చిన పిల్ల పేరుంది.

సంఘం సెక్రటరీ దగ్గరికి వెళితే ఆయన తల కూడా ఎత్తలేదు. "నువ్వు మానేస్తున్నావని తెలిసిందమ్మా. పెళ్ళయింది కదా, ఇంక నీకెందుకివన్నీ?" అన్నాడు. ఎవరు చెప్పారని అడగాలి. బల్ల గుద్ది అడగాలి. ఇరవై అయిదేళ్ళ పిల్ల, కొత్త కోడలు, నోరు పెగల్లేదు. "సరే సార్" అని వచ్చేసింది.

సరే సార్! ఆ రెండు మాటలూ పన్నెండేళ్ళుగా గొంతులో అడ్డం పడే ఉన్నాయి. ఆ తర్వాత పాప పుట్టింది, చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పని దొరికింది, బూట్లు అటకెక్కాయి. కానీ మిషను చప్పుడు మధ్య ఉన్నట్టుండి ఆ "సరే సార్" గుర్తొచ్చి చెవులు వేడెక్కేవి. కాలరు వంకర పోయేది. సూపర్‌వైజరు చేత చీవాట్లు తినేది. ఆ చీవాట్లు కూడా న్యాయంగా ఆ సెక్రటరీ తినాల్సినవే.

బస్సు వెంట పరిగెత్తిన సాయంత్రం ఆమె అటక మీంచి బూట్లు దించింది. పట్టుకోగానే అడుగు అట్ట ఊడి చేతిలోకొచ్చింది. మర్నాడే కొత్తవి కొనుక్కుంది. షిఫ్టుకి ముందు, తెల్లారగానే, ఫ్యాక్టరీ ప్రహరీ గోడ చుట్టూ పరుగు మొదలుపెట్టింది. కొలిస్తే అదీ మైదానమంతే, నాలుగొందల మీటర్లు. పద్నాలుగు నెలలు ఒక్క రోజు నాగా లేదు. పాత రోజుల్లో రౌండుకి ఎనభై నాలుగు సెకన్లు పట్టేది, ఇప్పుడు ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది. ఇంక తగ్గలేదు, పెరగనూ లేదు. పన్నెండేళ్ళకి నాలుగు సెకన్లు. అంతే కదా అనుకుంది.

అత్తగారు మాత్రం మొదట్లో ముక్కున వేలేసుకుంది.

"ఎవరు తరుముతున్నారే నిన్ను?" అనేది గుమ్మంలో కూర్చుని.

"ఎవరూ తరమట్లేదు అత్తయ్యా."

"మరి దేనికంత తొందర? గోడ చుట్టూ తిరిగి మళ్ళీ మొదలెట్టిన చోటికేగా వచ్చేది!"

అత్తగారిదీ చొక్కాల పనే. ఇంట్లో కూర్చుని ఫ్యాక్టరీ చొక్కాలకి గుండీలు కుడుతుంది. చదువు లేదు. ఇరవై దాటితే నోటి లెక్క తప్పుతుంది. ఒకసారి చొక్కాలు పట్టుకెళ్ళే మనిషి, కుట్టింది నలభై అయిదు కాదు నలభయ్యేనని దబాయించాడు. ఆ రోజు నుంచి ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. చేతికింద ఎప్పుడూ ఒక గుడ్డ పట్టీ ఉంటుంది. చొక్కా ఒకటి అవ్వగానే ఆ పట్టీ మీద ఒక విరిగిన గుండీ కుట్టేస్తుంది. సాయంత్రం ఆ మనిషి వస్తే పట్టీ తీసి ముందు పరుస్తుంది, "లెక్కపెట్టుకో నాయనా" అని. కుట్టిన గుండీని కాదనే మొనగాడు ఇంతవరకూ రాలేదు.

ఎంపిక పోటీ ఆదివారం పొద్దున్న. మొదట వచ్చిన ఒక్కరే జాతీయ పోటీలకి వెళతారు. రెండో స్థానానికి చప్పట్లు. పైగా వచ్చే ఏడాది నుంచి ముప్పై అయిదు దాటినవాళ్ళని ఈ పందెంలోకి రానివ్వమని సంఘం అప్పుడే నోటీసు పెట్టేసింది. గడియారానికి ముప్పై ఏడు. అంటే ఈ ఒక్క ఆదివారమే. ఇది పోతే ఇంక ఎప్పటికీ లేదు.

మొగుడికి డ్యూటీ. పాపని పక్కింట్లో వదిలింది. సంచీ చూసుకోవడానికి మనిషి కావాలంటే అత్తగారు, "నేనొస్తాలే" అంది. ఎందుకో బతిమాలించుకోలేదు కూడా. పట్టీ, సూది, గుండీల డబ్బా వెంట తెచ్చుకుంది. ఊరికే కూర్చుంటే ఆవిడకి చేతులు దురద పెడతాయి.

మైదానం గేటు దగ్గర నంబర్లిచ్చే అమ్మాయి ఈమెను ఎగాదిగా చూసి, "పెద్దవాళ్ళ నడక పోటీ అటువైపండీ" అంది.

"నేను పదివేల మీటర్లకి వచ్చాను."

"పదివేలా? మొత్తమా?"

"లేదమ్మా, ఇవాళ సగం పరిగెత్తి, మిగతా సగం రేపొచ్చి పరిగెత్తుతా."

బల్ల వెనకాల గొడుగు కింద పెద్ద కుర్చీలో కూర్చున్న చీఫ్ జడ్జి ఎవరనుకున్నారు? ఆ సెక్రటరీయే. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, కుర్చీ పెద్దదైంది. ఈమెను చూసి గుర్తుపట్టాడు, గుర్తుపట్టనట్టు కాగితాలు సర్దుకున్నాడు. గడియారం నంబరు తీసుకుని చొక్కాకి గుచ్చుకుంది. వచ్చింది ఆయనతో మాట్లాడ్డానికి కాదు.

పందెంలో పదహారు మంది. బూట్లకి మిషన్లు కట్టి లెక్కలు తీసే హంగులేవీ లేవక్కడ. రౌండ్లు లెక్కపెట్టడానికి నలుగురు మనుషులు, ఒక్కొక్కరికి నలుగురు పరుగువాళ్ళు. ఒక్కో పరుగు మనిషి పేరున ఇరవై అయిదు గడుల కాగితం. మనిషి గీత దాటినప్పుడల్లా పెద్ద గడియారం చూసి ఆ గడిలో టైము రాయాలి. ఈమె కాగితం పడింది ఒక టోపీ మాస్టారి చేతిలో. ఏదో బడిలో ఆటలు నేర్పే మనిషి. చూస్తే మంచివాడే. మంచివాళ్ళు చేసే పనులు చూస్తేనే నాకు ఎక్కువ మండుతుంది.

గీత దగ్గర పొడుగు జడ పిల్ల ఒకతె, పంతొమ్మిదేళ్ళుంటాయేమో, "ఆంటీ, మీరు కాస్త వెనక నిలబడతారా? ముందుంటే తోసేస్తారు" అంది. పాపం మంచికే అంది. గడియారం వెనక్కి జరిగింది.

మొదటి మూడు రౌండ్లూ ఆమె అందరికంటే చివర, నెమ్మదిగా పరిగెత్తే ముగ్గురమ్మాయిలతో కలిసే ఉంది. ముందువాళ్ళు ఎగబడి పోతున్నారు. ఈమె ఎనభై ఎనిమిది. మళ్ళీ ఎనభై ఎనిమిది. మైకు పట్టుకున్నవాడు, "చివర్లో వస్తున్న ఆంటీకి కూడా ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి!" అని అరిచాడు. జనం కొట్టారు కూడా. జాలి చప్పట్లు! ఆ చప్పుడుకి ఆమె చెవులు వేడెక్కాయి గానీ కాళ్ళు తొందరపడలేదు.

నాలుగో రౌండులో ఆ ముగ్గుర్నీ వెనకేసింది. తర్వాత ఒక్కొక్కరూ అలిసిపోయి ఈమె దారిలోకి వచ్చారు, ఈమె ఒక్కొక్కర్నీ దాటుకుంటూ పోయింది. పదిహేనో రౌండు పూర్తయ్యే వేళకి మైదానమంతా చుట్టి వచ్చి, ఆ నెమ్మది ముగ్గుర్నీ మళ్ళీ వెనక నుంచి అందుకుంది. అంటే వాళ్ళ మీద ఒక రౌండు సంపాదించింది. వాళ్ళకది పద్నాలుగు, ఈమెకి పదిహేను. నలుగురి కాగితాలూ టోపీ మాస్టారి దగ్గరే. నలుగురూ గుంపుగా గీత దాటారు. సరిగ్గా అప్పుడే టోపీ మాస్టారు కాగితం మీద ఒక పని చేశాడు. అదేమిటో కాసేపాగి చెప్తాను. ఇప్పుడే చెప్తే కోపంతో నాకు మిగతా కథ రాదు.

పదిహేడో రౌండులో గడియారం జడ పిల్లని దాటింది. ఇంక ముందు ఎవరూ లేరు. ఖాళీ దారి, ఎండ, తన ఊపిరి. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూనే ఉంది. ఒక పక్క గెలుస్తున్నానని తెలుస్తోంది, ఇంకో పక్క ఆ మైకువాడు తన పేరెత్తకుండా జడ పిల్లని ఎందుకు పొగుడుతున్నాడో అర్థం కాలేదు.

ఇరవై నాలుగు రౌండ్లయ్యాయి. ఆఖరి రౌండుకి మొదట వచ్చినవాళ్ళకి గంట కొడతారు. గంట దగ్గరి మనిషి ఈమె వంక చూడనైనా చూడలేదు.

"గంట!" అని అరిచింది.

"నీక్కాదమ్మా! నువ్వు పరిగెత్తు, నీకింకా రెండున్నాయి!"

ఆమె మలుపు తిరిగి కొంత దూరం పోయాక వెనక గంట మోగింది. జడ పిల్లకి.

ఒక్క క్షణం అనుమానమొచ్చింది. నేనే లెక్క తప్పానా? పన్నెండేళ్ళు మానేసిన దాన్ని కదా అనుకుంది. మరుక్షణం తనమీద తనకే ఒళ్ళు మండింది. లెక్క తప్పడమేంటి! వేళ్ళున్నాయి, కాళ్ళున్నాయి, రౌండుకొకసారి చూసిన పెద్ద గడియారముంది. ఇరవై అయిదో రౌండు ముగించి గీత దాటింది. ముప్పై ఆరు నిమిషాల నలభై సెకన్లు. అక్కడ రిబ్బను లేదు. టోపీ మాస్టారు నవ్వు మొహంతో "1" అని రాసున్న అట్ట పైకెత్తి, "ఇంకొక్కటే, ఇంకొక్కటే!" అని హుషారు చేస్తున్నాడు.

ఆగి కొట్లాడొచ్చు. ఆగితే "మధ్యలో వదిలేసింది" అని రాసి పారేస్తారు. ఆ రాసేవాళ్ళెవరో ఆమెకి బాగా తెలుసు. అంతే, ఆగలేదు. ఇరవై ఆరో రౌండు మొదలుపెట్టింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రౌండులో తెలిసింది. అవతలి వైపు నుంచి చూస్తుండగానే జడ పిల్ల రిబ్బను తెంపుకుంటూ వెళ్ళింది. జనం లేచి నిలబడ్డారు. గడియారం ఎవరికీ పట్టని ఆ రౌండుని ఎనభై సెకన్లలో తిరిగొచ్చింది. జీవితంలో మొదటిసారి గడియారం ఎనిమిది సెకన్లు ముందు నడిచింది.

అభ్యంతరముంటే అరగంటలోపు రాసివ్వాలి. చెమట చుక్కలు కాగితం మీద పడుతుంటే ఒక్క వాక్యం రాసింది: నేను ఇరవై ఆరు రౌండ్లు పరిగెత్తాను.

చీఫ్ జడ్జి చదివి పక్కవాళ్ళకి చూపించాడు. "తక్కువ పరిగెత్తించారని ఏడ్చినవాళ్ళని చూశాను గానీ, ఎక్కువ పరిగెత్తానని ఫిర్యాదు చేసినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు.

"నా కాగితం చూపించండి సార్."

"కాగితాలు అందరికీ చూపించం."

"ఫిర్యాదు చేసినవాళ్ళకి చూపించాలని రూలుంది. వెనక నోటీసు బోర్డు మీదే ఉంది, చదువుకోండి. మా ఆయన బస్సు డ్రైవరు, మా ఇంట్లో అన్నంకంటే రూళ్ళే ఎక్కువ."

కాగితం బయటికొచ్చింది. గడియారం వేలు పెట్టి గడి గడీ చూసుకుంటూ పోయి పద్నాలుగు దగ్గర ఆగింది.

"చూడండి. పదమూడో గడిలో పంతొమ్మిది నిమిషాల నాలుగు సెకన్లు. పద్నాలుగో గడిలో ఇరవై నిమిషాల ముప్పై రెండు అని రాసి, కొట్టేసి, పైన ఇరవై రెండు నిమిషాలు అని రాశారు. అంటే ఆ ఒక్క రౌండుకి నాకు మూడు నిమిషాలు పట్టిందా? దానికి ముందూ ఎనభై ఎనిమిది సెకన్లే, తర్వాతా ఎనభై ఎనిమిదే. మధ్యలో ఆ ఒక్క రౌండూ ఏం చేశాను, కూర్చుని తల దువ్వుకున్నానా?"

"అలిసిపోయి నడిచుంటావమ్మా" అన్నాడు చీఫ్ జడ్జి, ఎంతో దయగా. "వయసు మీద పడ్డాక నడవడం తప్పేం కాదు."

విన్నారా? తన మనిషి ఒక గడి తప్పు రాశాడనడంకంటే, ముప్పై ఏడేళ్ళ మనిషి సరిగ్గా ఒక్క రౌండు నడిచి, మళ్ళీ గడియారంలా పరిగెత్తిందని నమ్మడమే ఆయనకి సుళువైంది!

గడియారం టోపీ మాస్టారి వైపు తిరిగింది. "మీరు చెప్పండి సార్. రాసిందెందుకు కొట్టేశారు?"

మాస్టారు టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "నలుగురూ కలిసి వచ్చారమ్మా. ఆ ముగ్గురికీ అది పద్నాలుగు. మీ కాగితం చూస్తే పద్నాలుగో గడి అప్పటికే నిండుంది. నేనే ముందెప్పుడో పొరపాటున రాసుంటాననుకుని... దిద్దాను."

"నేను వాళ్ళకంటే ఒక రౌండు ముందున్నానేమోనని తట్టలేదా?"

"మొదట్నుంచీ వాళ్ళతోనేగా ఉన్నారు. మీరు... మీరు ముందుంటారని ఎలా అనుకుంటానమ్మా?"

ఇదీ ఆయన చేసిన పని. ఒప్పు రాశాడు. రాసిన ఒప్పుని మనిషి మొహం చూసి తప్పు చేశాడు. పైగా దాన్ని దిద్దడం అంటాడు!

"ఇదంతా అనుమానమే గానీ సాక్ష్యం కాదు" అన్నాడు చీఫ్ జడ్జి కుర్చీలో సర్దుకుంటూ. "ఆయన దిద్దిందే నిజం కావచ్చుగా."

అప్పటికి అత్తగారు మైదానం కంచె దాటుకుని, సంచీ భుజాన వేసుకుని, బల్ల దగ్గరికొచ్చింది. వచ్చి పట్టీ తీసి ఆయన కాగితాల మీద పరిచింది. తెల్లవి, నల్లవి, అంచు విరిగినవి, ఒక్క వరసలో గుండీలు.

"మా కోడలు గీత దాటినప్పుడల్లా ఒకటి కుట్టాను. నాకు ఇరవై దాటితే లెక్క రాదు. మీరు చదువుకున్నారుగా, లెక్కపెట్టుకోండి నాయనా."

గేటు దగ్గర నంబర్లిచ్చిన అమ్మాయే వంగి లెక్కపెట్టింది. ఇరవై ఆరు.

"ఇప్పుడు గుండీలు చూసి తీర్పులు చెప్పమంటారా?" అన్నాడు చీఫ్ జడ్జి నవ్వబోతూ.

"సార్, ఒక మాట." వెనక నుంచి జడ పిల్ల. ఆమె కోచ్ చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. విదిలించుకుంది. "పదిహేడో రౌండులో ఈవిడ నన్ను దాటారు. నాకంటే ఒక రౌండు వెనకున్నారు కదా, దాటితే ఏంటిలే అనుకున్నాను. కానీ నాకంటే ఒక రౌండు వెనకబడాలంటే, అంతకుముందు ఎప్పుడో నేను చుట్టి వచ్చి ఈవిణ్ణి దాటుండాలి కదా? నేను దాటలేదు సార్. ఒక్కసారి కూడా దాటలేదు. నిలబడి ఇప్పుడే ఆలోచించుకున్నాను."

ఆ మాటతో తన మొదటి స్థానం పోతుందని ఆ పిల్లకి తెలుసు. తెలిసే చెప్పింది. చెప్పి, ఏడుపాపుకోలేక మొహం తిప్పుకుంది.

చీఫ్ జడ్జి మొహం మాడిపోయింది. ఇంక దారి లేదు. దారి లేనివాళ్ళు ఏం చేస్తారు? పాత గొడవ తవ్వుతారు.

"ఈవిడతో మొదట్నుంచీ ఇంతే!" అని బల్ల మీద కాగితాలు విసిరాడు. "పన్నెండేళ్ళ కింద జాబితాలోంచి తీసేశానని ఇవాళ్టికీ నా మీదే నింద! మీ ఇంటికి ఫోన్ చేస్తే మీవాళ్ళే కదా, ఇంక పరిగెత్తదు తీసెయ్యండి అన్నది? నేనేమైనా కల గన్నానా?"

"మావాళ్ళా? ఎవరన్నారు?"

"నాకేం తెలుసు? ఎవరో పెద్దావిడ గొంతు."

గడియారం మొగుడికి అక్కచెల్లెళ్ళు లేరు. ఆ ఇంట్లో పెద్దావిడ ఒక్కతే. ఆ ఒక్కతే ఇప్పుడు పక్కన నిలబడి, పట్టీ కొసని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"నేనే" అంది అత్తగారు.

పట్టీ కొసని వదిలేసింది.

"కొత్త కోడలివి. పొట్టి లాగూ వేసుకుని పదిమందిలో పరిగెత్తుతుంటే నలుగురూ ఏమంటారోనని భయపడ్డాను. ఆయనెవరో ఫోన్ చేసి, మీ కోడలు వస్తుందా అనడిగాడు. మానేస్తుంది అని చెప్పేశాను. జాబితాలో నీ పేరు లేదని తెలిసిన సాయంత్రం నువ్వొచ్చి గోడకి తిరిగి పడుకున్నావు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఏడాది పోతే మర్చిపోతావులే అనుకున్నాను."

పన్నెండేళ్ళు. రోజూ ఒక గిన్నెలో వండుకుని ఒక చాప మీద కూర్చుని తిన్నారు. గడియారం ఆవిడ వంక చూసింది. ఎంత కోపమొచ్చిందంటే అది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అందుకని దగ్గర్లో ఉన్నవాడితో మొదలుపెట్టింది.

"పరిగెత్తేది నేను సార్. కాళ్ళు నావి. మీరు అడగాల్సింది నన్ను. మా అత్తయ్య వద్దంటే మీరు నా పేరు కొట్టేస్తారా? రెండ్రోజులకి నేనే వచ్చి మీ ముందు నిలబడ్డాను కదా, అప్పుడైనా, నువ్వు మానేస్తున్నావా అని ఒక్క మాట అడిగారా? అప్పుడు నా పెళ్ళి చూసి కొట్టేశారు. ఇవాళ నా వయసు చూసి దిద్దేశారు. నా గురించి ఊళ్ళో అందర్నీ నమ్ముతారు, నన్ను తప్ప!"

మైకువాడు ఎప్పుడో మైకు కట్టేసి నోరు తెరుచుకుని వింటున్నాడు. చుట్టూ పరుగువాళ్ళు చేరారు. ఆ నెమ్మది ముగ్గురమ్మాయిలు కూడా వచ్చి, "మమ్మల్ని ఒక రౌండు దాటేశారు సార్, మాకు తెలుసు" అన్నారు. ముందే ఎవరూ అడగలేదట. అడిగితే కదా!

"సరే, సరే. గొడవెందుకు?" అన్నాడు చీఫ్ జడ్జి మెత్తబడి. "ముప్పై ఆరు నలభై. మొదటి స్థానం నీకే ఇస్తున్నాం. ఈ ఫిర్యాదు కాగితం చింపేసుకుందాం. సరేనా?"

"ఇస్తున్నారా? ఇవ్వడానికి అది మీ జేబులో ఉందా?"

"అబ్బా! గెలిచావు కదమ్మా, ఇంకేం కావాలి? సరేనా కాదా?"

గొంతులో పన్నెండేళ్ళుగా అడ్డం పడున్నది కదిలింది.

"సరే కాదు సార్" అంది. "ఆ కాగితం మీద ఇంకో గడి గియ్యండి. ఇరవై ఆరు అని వెయ్యండి. ముప్పై ఎనిమిది నిమిషాలు అని టైము వెయ్యండి. ఇది మేము తప్పు లెక్కపెట్టి పరిగెత్తించిన రౌండు అని రాసి, కింద సంతకం పెట్టండి. అప్పుడు వెళతాను."

ఆయన పక్కలకి చూశాడు. ఒక్కరూ ఆయన వైపు లేరు. టోపీ మాస్టారు తనే స్కేలు తీసి గడి గీశాడు. చీఫ్ జడ్జి రాశాడు. సంతకం పెట్టేటప్పుడు పెన్ను రెండుసార్లు ఆగింది.

బయటికొస్తుంటే జడ పిల్ల ఎదురొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వచ్చే ఏడాది నేనే వెళతాను, చూడండి అక్కా" అంది. పొద్దున్న ఆంటీ, ఇప్పుడు అక్క. గడియారం ఆ పిల్ల జడ పట్టుకుని ఒకసారి మెల్లగా లాగి వదిలింది.

స్టాపులో ఇద్దరూ నిలబడ్డారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం. వచ్చింది మొగుడి బస్సే. ఆపాడు. పెళ్ళాం మొహం చూసి గెలిచిందనుకున్నాడు, తల్లి మొహం చూసి ఓడిపోయిందనుకున్నాడు. ఏమీ అడక్కుండా బండి తీశాడు. గడియారం ఆయన వెనక సీట్లో కూర్చుని, సంచీ పక్కన పెట్టుకుంది. అత్తగారికి చోటు లేకుండా. ఆవిడ వెనకెక్కడో కూర్చుంది.

ఒక స్టాపు దాటాక అత్తగారు కడ్డీలు పట్టుకుంటూ ముందుకొచ్చింది. చేతిలో పట్టీ.

"అమ్మాయ్, పందెం ఇరవై అయిదేగా. ఈ ఆఖరి గుండీ వాళ్ళ పొరపాటు. పీకేస్తా" అని దారాన్ని పళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది.

గడియారం పట్టీ లాక్కుంది. "పీకొద్దు. అది కూడా నేను పరిగెత్తిందే."

అత్తగారు తలూపింది. అక్కడే నిలబడింది.

"మరి ఆ పన్నెండేళ్ళకి ఎన్ని కుడతారు అత్తయ్యా?"

అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకోవడం, బతిమాలడం, అలాంటివేవీ చెయ్యలేదు. బస్సు ఊగినప్పుడల్లా కడ్డీ గట్టిగా పట్టుకుంటూ కోడలి పక్కన అలాగే నిలబడింది. రెండో స్టాపు పోయింది. అద్దంలోంచి మొగుడు ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

మూడో స్టాపు దాటాక గడియారం సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు జరిగింది.